బంగారి గుడ్డు పెట్టడం లేదు

విశాఖపట్నం,
సోమవారం

ప్రియమైన గౌరికి,

నేను క్షేమంగానే ఉన్నాను. నీ కోడిపెట్ట క్షేమంగా లేదు. కనుక నేనూ లేనట్టే.

నిన్న నువ్వు ఫోన్ చేశావు. నువ్వేదో అన్నావు, నేనేదో అన్నాను, నీకు కోపం వచ్చి పెట్టేశావు. పోర్టులో జీవితమంతా క్రేను మీద కూర్చున్న చెవులివి. మనిషి ఎదురుగా నిలబడి నెమ్మదిగా చెబితే పెదాలు చూసి సగం పట్టుకుంటాను. ఫోన్‌లో మాత్రం గాలి హోరు తప్ప నాకేమీ వినపడదు. నీది బొత్తాల ఫోను, అందులో మెసేజీలు చదవాలంటే నీకు చిరాకు. అందుకే కాగితం పట్టుకున్నాను. భీమిలి నుంచి రోజూ పూర్ణా మార్కెట్‌కి ఎండుచేపల గంప తెచ్చే నూకాలు మన వీధిలోంచే వెళుతుంది కదా. తిరుగు బస్సు దిగి మీ అక్క ఇంటి ముందు నుంచే నడుస్తుందట. ఈ ఉత్తరం ఆమె చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆమెకే ఇవ్వు. ఎండు నెత్తళ్ళ వాసన వేస్తే నన్ననకు.

ఇక విషయం. బంగారి గుడ్డు పెట్టడం లేదు.

పెట్టకపోతే పోనీ అనుకోవచ్చు. కానీ పెట్టడానికి అది పడుతున్న తంటా చూడలేకపోతున్నాను. నిన్న పొద్దున్నుంచి గడ్డి మీద కూర్చుంటుంది, లేస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది. తోక వేలాడేసి, కాళ్ళు ఎడంగా పెట్టి, నెత్తి మీద నిండు బిందె ఉన్నదానిలా నిలబడుతుంది. నోరు తెరిచి రొప్పుతుంది. ముక్కుతుంది. నేను దగ్గరకెళితే తప్పు చేసినవాణ్ణి చూసినట్టు చూస్తుంది. ఆ చూపు అది ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

పక్కింటి అప్పలసూరి వచ్చి చూశాడు. నాతోపాటే రిటైరయ్యాడు కదా, వాడికీ వేరే పని లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని పెద్ద డాక్టర్లా చుట్టూ తిరిగి, "ఇంకేటాలోసిత్తన్నావు బావ? ఇదింక గుడ్డెట్టదు. కోసీ. మసాలా నాను నూరతాను" అన్నాడు.

"గౌరి నన్ను కోసేత్తాది" అన్నాను.

మీ అక్క కాలికి కట్టు కట్టి ఎన్నాళ్ళయింది? వర్షాలు మొదలవక ముందు వెళ్ళావు. బాత్రూములో జారిపడ్డ కాలు ఇన్నాళ్ళు అతుక్కోకపోతే అది కాలేనా అని అడుగు. ఇక్కడ నేను చారు కాస్తే నీళ్ళు, పప్పు వండితే రాళ్ళు. అయినా నాకోసం రావద్దులే. నీ కోడి కోసం రా. తగరపువలస సంతలో దాన్ని చూసి ముచ్చటపడి చంకలో పెట్టుకొచ్చింది నువ్వు, నేను కాదు.

విసుగెత్తిపోయిన
నీ బావ,
గురునాథరావు


భీమునిపట్నం,
సోమవారం సాయంత్రం

ప్రియమైన బావకి,

నీ ఉత్తరం చదివి వరహాలక్క నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కోడి నోరు తెరిచి రొప్పుతుంటే మొదట చెయ్యాల్సిన పని కూర్చుని ఉత్తరం రాయడమా?

చదవగానే అప్పలసూరి అన్నయ్యకి ఫోన్ చేశాను, నీకు చెప్పమని. "సెప్తాను సెల్లెమ్మా, సెప్తాను" అంటూనే ఇంట్లో అల్లం ఉందా అని అడిగాడు. ఆ మనిషిని నమ్మలేక రాస్తున్నాను. నూకాలు పొద్దున్నే మొదటి బస్సు పట్టుకుంటుంది. ఇది నీ చేతికి రాగానే, చదవడం పూర్తయ్యేలోపే పని మొదలుపెట్టు.

దానికి గుడ్డు అడ్డం పడింది. లోపల తయారైన గుడ్డు బయటికి రాలేకపోతోంది. చెయ్యి కడుక్కుని పొట్ట కింద వేళ్ళతో మెల్లిగా తడిమి చూడు. గుండ్రంగా గట్టిగా తగులుతుంది. తగిలింది కదా అని నొక్కకు. నీవి క్రేను లివర్లు లాగిన చేతులు. గుడ్డు లోపలే పగిలిందంటే కోడి మనకు దక్కదు. వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు పోసి గుప్పెడు ఉప్పు వెయ్యి. గోరువెచ్చన అంటే నువ్వు స్నానానికి కాచుకునే మరుగు నీళ్ళు కాదు, చంటిపిల్లలకి పోసే నీళ్ళు. అందులో పొట్ట మునిగేలా కూర్చోబెట్టి పట్టుకో. కంగారుపడి వదిలెయ్యకు. తరవాత పాత తువ్వాలుతో ఒత్తి, వెనక భాగంలో కొబ్బరినూనె రాసి, చీకటి మూల గంప కింద పెట్టు. నీ టీవీ ఆపు. ఆ సౌండుకి మనుషులకే ఏమీ రాదు, ఇంక గుడ్డేం వస్తుంది?

ఇప్పుడు నిజం చెప్పు. దానికి ఏం పెడుతున్నావు? పెరట్లో తిరగనిస్తున్నావా, లేక స్కూటరు పాడుచేస్తోందని రోజంతా మూసి పెడుతున్నావా? నేనుండగా ఒక్క రోజు కూడా దానికి ఈ బాధ లేదు.

ఆలిచిప్పలు కడిగి ఎండబెట్టి దంచిన పొడి పొట్లం కట్టి పంపుతున్నాను. దాని గింజల్లో కలుపు. అది కోడికి బావా, చారులో వేసుకోకు.

నేనిప్పుడు రాలేను. అక్క కాలు మోపుతోంది గానీ బరువు ఆనడం లేదు. అన్నట్టు, అటక మీద ఉన్న పెద్ద అల్యూమినియం డబరా దించి నూకాలుకి ఇచ్చి పంపు. ఎందుకని అడగకు.

నీ కోపం కన్నా దాని ప్రాణాన్ని ముందు చూడమని వేడుకుంటూ,
గౌరి


విశాఖపట్నం,
గురువారం

ప్రియమైన గౌరికి,

నీ కోడి బతికే ఉంది. నేను కూడా, నువ్వు అడగలేదనుకో.

ముందు స్నానం సంగతి. నువ్వు చెప్పినట్టే చేశాను. చంటిపిల్లల నీళ్ళంటే ఎంత వేడో నాకేం తెలుసు? మన అమ్మాయి యశస్విని పుట్టినప్పుడు నేను నైట్ షిఫ్టులో ఉన్నాను. మోచెయ్యి ముంచి చూసుకున్నాను. కూర్చోబెట్టాను. మొదట బాగానే కూర్చుంది. కళ్ళు మూసింది. దానికి హాయిగా ఉందనుకునేసరికి అప్పలసూరి గోడ మీద నుంచి తల పెట్టి, "పులుసెట్టేత్తన్నావేటి బావ?" అని అరిచాడు. అది ఎగిరింది. బేసిన్ తిరగబడింది. ఉప్పునీళ్ళలో తడిసింది నేను. మళ్ళీ నీళ్ళు కాచాను. మళ్ళీ పట్టుకున్నాను. చేతులు నొప్పి పుట్టేదాకా పట్టుకున్నాను. నూనె రాశాను. గంప కింద పెట్టాను. టీవీ ఒక్కటే కాదు, ఫ్యాను కూడా ఆపుకుని చెమట్లు కక్కుతూ కూర్చున్నాను.

గుడ్డు రాలేదు.

బుధవారం పొద్దున గంప ఎత్తితే పక్కకు వాలి ఉంది. పిలిస్తే కన్ను సగమే తెరిచింది. గౌరీ, నాకు దాని మీద పెద్ద ప్రేమ లేదని నీకు తెలుసు. కానీ అలా చూశాక చొక్కా మార్చుకోవడానికి కూడా ఆగలేదు. తువ్వాలులో చుట్టి ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కడ అందరివీ బొచ్చు కుక్కలు, గొలుసులు, బిస్కెట్ పాకెట్లు. తువ్వాలులో కోడితో నేనొక్కణ్ణే. పక్కన కూర్చున్న అమ్మాయి దీని పేరేమిటని నెమ్మదిగా, పెదాలు కనపడేలా అడిగింది. బంగారి అన్నాను. అంతమందిలో ఆ పేరు చెప్పడానికి సిగ్గేసింది.

డాక్టరమ్మ చిన్నపిల్లే. కోడిని చూసి నవ్వలేదు, అందుకు ఆమెకి దండం పెట్టొచ్చు. తడిమి చూసి, సూది వేసి, కాల్షియం మందు నోట్లో చుక్కలు చుక్కలుగా పోసింది. "దీన్ని నడవనిస్తున్నారా అండీ?" అని అడిగింది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. మళ్ళీ అడిగింది. ఇక తప్పక చెప్పాను. నీకూ చెబుతున్నాను, తిట్టుకో. స్కూటరు సీటు మీద రోజూ రెట్ట వేస్తుంటే గంప కింద మూశాను. రేషన్ బియ్యం, నేను తినే మిక్చరు పెట్టాను. పిల్లి వస్తుందని పెరట్లో పెద్ద బల్బు రాత్రంతా వెలిగించాను. ఆ వెలుతురుకి అది ఇంకా పగలే అనుకుని ఆగకుండా గుడ్లు పెట్టాలని చూస్తుందట. నడక లేక ఒళ్ళు చేసిందట. పెంకు కట్టడానికి ఒంట్లో సత్తువ లేదట. "గోరువెచ్చటి నీళ్ళు మంచిదేనండీ, కానీ ఒక రోజంతా చూస్తూ కూర్చోకూడదు, వెంటనే తేవాలి" అంది. ఆ ముక్క నువ్వు రాయలేదు. ఇది మాత్రం నా మీద వెయ్యకు.

తిరుగు ఆటోలో, జగదాంబ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉండగా, నా ఒళ్ళో వెచ్చగా తగిలింది. తువ్వాలు తీసి చూస్తే గుడ్డు. పెంకు లేదు. మెత్తగా, తోలు సంచిలా, అరచేతిలో అటూ ఇటూ ఊగుతోంది. నేను ఏం అరిచానో నాకు తెలియదు గానీ ఆటోవాడు వెనక్కి తిరిగి, "ఏటైంది బాబూ?" అన్నాడు. గుడ్డెట్టింది అన్నాను. వాడు కోడికి దండం పెట్టాడు.

ఇప్పుడు పెరట్లో తిరుగుతోంది. స్కూటరుకి గోనెపట్టా కప్పాను. బల్బు తీసేశాను. నీ ఆలిచిప్పల పొడి తింటోంది.

డబరా పంపాను. అందులో వంట చేస్తే పెళ్ళివారికి సరిపోతుంది. మీరిద్దరే కదా ఉన్నది. నూకాలు తన గంప అందులో పెట్టుకుని, దాన్ని నెత్తి మీద పెట్టుకుని, వీధి మలుపు దాకా నన్ను తిట్టుకుంటూ పోయింది. అంత దూరం నుంచి కూడా ఆవిడ పెదాలు నాకు కనబడ్డాయి.

చేతులకి ఇంకా కొబ్బరినూనె వాసన వదలని
నీ బావ


భీమునిపట్నం,
శనివారం

ప్రియమైన బావకి,

ఆటోలో గుడ్డు పెట్టిన సంగతి అక్కకి చదివి వినిపించాను. ఆమె కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. నేను కూడా నవ్వాను. తరవాత మిక్చరు సంగతి గుర్తొచ్చి ఆపేశాను. కోడికి మిక్చరు పెట్టే మనిషిని నేను ఈ లోకంలో నిన్నొక్కణ్ణే చూశాను. కారానికి అది ఏడవలేదా?

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమని నేను రాయలేదు, నిజమే. మా అమ్మ రోజుల్లో కోడికి ఆసుపత్రి ఎక్కడిది? ఆ డాక్టరమ్మ చెప్పినట్టే చెయ్యి. మా అమ్మ కన్నా ఆమె మాట వినడం నీకు తేలిక కూడా.

తొందరలో రాస్తున్నాను. ఈ వారం కూడా నేను రాలేను. అక్క కాలు మళ్ళీ కొంచెం వాచింది. నువ్వు కూడా ఇక్కడికి రావద్దు. అంత ఎండలో బస్సుల్లో నిలబడి ఎందుకు? ఏదన్నా ఉంటే రాయి.

బంగారిని మళ్ళీ మూసి పెట్టకు.
గౌరి


విశాఖపట్నం,
బుధవారం

ప్రియమైన గౌరికి,

ఇది కోపంతో రాస్తున్నాను. అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకో.

నీ కోడి మళ్ళీ కూర్చుంది. అదే తోక, అదే ముక్కుడు, అదే చూపు. నేనేం తప్పు చెయ్యలేదు. బల్బు లేదు, మిక్చరు లేదు. పెరడంతా తిరిగింది, స్కూటరు గోనెపట్టా మీద కూడా తిరిగింది. అయినా మళ్ళీ అడ్డం పడింది. ఆసుపత్రికి వెళితే డాక్టరమ్మ ఏదో క్యాంపుకి వెళ్ళిందట, ఎల్లుండి వస్తుందట. కాంపౌండరు అదే కాల్షియం చుక్కలు పోసి, వేడినీళ్ళలో కూర్చోబెట్టుకోండని చెప్పి పంపేశాడు. రెండుసార్లు కూర్చోబెట్టాను. రాలేదు. దాన్ని సరిగ్గా పట్టుకోవడం నాకు చేతకావడం లేదు. నువ్వో మీ అక్కో పట్టుకుంటే అది కదలదు, నేను పట్టుకుంటే కొట్టుకుంటుంది.

ప్రాణం పోయేలా ఉంది, రా అంటే నువ్వు అక్క కాలంటావు. మొదట బరువు ఆనడం లేదన్నావు. తరవాత వాచిందన్నావు. నీ ఉత్తరాల నిండా పసుపు మరకలు. శనివారం ఉత్తరం మీద బొంబాయి చట్నీ ఎండిపోయి ఉంది, గోటితో గీకి రుచి చూశాను. బొంబాయి చట్నీయే. టిఫిను బండి మూసుకుని మంచం మీద ఉన్న అక్కకి సేవ చేస్తూ అంత శనగపిండి ఏం చేసుకుంటున్నారు మీరు?

పొద్దున నూకాలుని పట్టుకుని అడిగాను, అక్కడ గౌరి ఎలా ఉందని. "ఆయమ్మకేటి బాబూ, బావుంది. పొద్దుటేల సూడాల, ఊపిరి తీసుకోడానికి కాళీ నేదు" అంది. ఎందుకు ఖాళీ లేదు, ఏం చేస్తోంది అన్నాను. ఆవిడ నాలిక కరుచుకుని, గంప ఎత్తుకుని, బస్సు పోతుందని పరుగెత్తింది. మార్కెట్‌కి నడిచి వెళ్ళే మనిషికి బస్సెక్కడిది?

నాకు ఇంక ఓపిక లేదు. రావద్దన్నావు కనుకే వస్తున్నాను. ఈ ఉత్తరం సాయంత్రం నీ చేతికి వస్తుంది. రేపు తెల్లవారి మొదటి బస్సుకి కోడిని గంపలో పెట్టుకుని బయల్దేరుతున్నాను. మీ అక్క కాలు ఎంత వాచిందో చూసి మరీ వస్తాను.

గురునాథరావు


భీమునిపట్నం,
గురువారం సాయంత్రం

ప్రియమైన బావకి,

ముందు బంగారి సంగతి చెబుతాను, నువ్వు దారంతా అదే ఆలోచిస్తూ వెళ్ళి ఉంటావు. నువ్వు బస్సెక్కగానే అక్క దాన్ని ఇంటికి తీసుకెళ్ళి వెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టింది. ఒళ్ళో పెట్టుకుని కబుర్లు చెప్పింది. మధ్యాహ్నం లోపే గుడ్డు వచ్చింది. ఈసారి పైన పలచగా పెంకు కూడా ఉంది. అది వచ్చాక లేచి ఒళ్ళు దులుపుకుని నీళ్ళు తాగింది. ఇప్పుడు అక్క పెరట్లో ఇసుకలో పొర్లుతోంది. కొన్నాళ్ళు ఇక్కడే ఉండనీ.

బావా, నిన్న రాత్రి నీ ఉత్తరం చదివి నేను అన్నం తినలేదు. నువ్వు వస్తావు, చూస్తావు, బస్టాండులో అందరి ముందు అరుస్తావు అనుకున్నాను. నీకు వినపడదు కనుక నీ అరుపు ఎంత పెద్దదో నీకు తెలియదు. పొద్దున ఆ గంప పట్టుకుని నువ్వు బస్సు దిగడం పెనం దగ్గర నుంచే చూశాను. తిప్పడం మరిచిపోయాను. అట్టు మాడింది.

పారిపోవడానికి చోటు లేదు. అందుకే నువ్వు బల్ల మీద కూర్చోగానే, నీ మొహం చూసే ధైర్యం లేక, పెనం వైపే చూస్తూ అన్నీ చెప్పేశాను. అక్క కాలు ఎప్పుడో అతుక్కుందని. ఆమె మంచం మీద ఉన్నప్పుడు టిఫిను బండి మూతపడకూడదని ఒక్క పూట నేను గరిటె పట్టానని, ఆ ఒక్క పూట ఇన్నాళ్ళయిందని. డబరా సాంబారుకని. బస్సు డ్రైవర్లు, చేపల వేలానికి వచ్చేవాళ్ళు, అందరూ నా అట్ల కోసం వస్తున్నారని. పోర్టులో చేసినాయన భార్య బండి మీద టిఫిన్లు అమ్ముతోందంటే నువ్వు ఒప్పుకోవని భయపడి దాచానని. చెబుతూ ఉంటే ఏడుపొచ్చింది, పొగ అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

చివరికి నీ వైపు తిరిగి అడిగాను. "బావా, నాకీ పని బాగుంది. ఇక్కడే ఉంటాను, వచ్చే వారం నుంచి శనివారం సాయంత్రాలు ఇంటికొస్తాను, సరేనా?" అని.

నువ్వు తల ఊపి, "సరే" అన్నావు.

ఒక్క మాట ఎదురు చెప్పలేదు. కసురుకోలేదు. ఇంకో అట్టు కూడా తిని, చెయ్యి కడుక్కుని, బస్సు కదులుతుంటే ఎక్కేశావు. నాకు నమ్మకం కలగలేదు. అక్కని అడిగాను, "నిజంగా సరే అన్నాడేటి?" అని. "నాను నా సెవులతో ఇన్నానే గౌరీ, సరే అన్నాడు" అంది. ఆ తరవాత బండి దగ్గర ఎవరేం అడిగారో, ఎవరికేం వేశానో నాకే తెలియదు. ఇడ్లీ అడిగినవాళ్ళకి పుణుగులు పెట్టేశాను.

నిన్ను ఇన్నేళ్ళుగా నేనే సరిగ్గా అర్థం చేసుకోలేదేమో. నీ మనసు ఇంత పెద్దదని తెలిస్తే అక్క కాలుని ఇన్నిసార్లు వాపించేదాన్ని కాదు.

నీ మీద ఈ పూటకి ఏ కోపమూ లేని
గౌరి


విశాఖపట్నం,
ఆదివారం

ప్రియమైన గౌరికి,

నువ్వు బండి దగ్గర చెప్పింది నాకు ఒక్క ముక్క వినపడలేదు.

పెనం చుయ్యిమంటోంది. వెనక రెండు బస్సులు ఇంజిను ఆపకుండా నిలబడి ఉన్నాయి. నువ్వు తల వంచుకుని మాట్లాడుతున్నావు, నాకు నీ పెదాలు కాదు కదా గడ్డం కూడా కనబడలేదు. కోడిని ఆలస్యంగా తెచ్చానని తిడుతున్నావనుకుని ఊరుకున్నాను. చివర్లో గరిటె పట్టుకుని నా వైపు తిరిగి ఏదో అడిగావు. కళ్ళ నిండా నీళ్ళు, మొహం చుట్టూ పొగ. గరిటె పట్టుకున్న మనిషి ఏమడుగుతుంది? ఇంకో అట్టు వెయ్యనా అని అడిగావనుకున్నాను. తెల్లవారి లేచి బస్సెక్కినవాణ్ణి, ఆకలిగా ఉంది. సరే అన్నాను. నువ్వు అట్టు వేశావు కూడా. ఇంక నాకు అనుమానం ఎందుకొస్తుంది?

కాలు విరిగిన మీ అక్క పిండి బకెట్టు మోసుకుంటూ చకచకా నడిచొచ్చి నా చేతిలో గంప లాక్కున్నప్పుడు అడగాల్సింది. ఆ రద్దీలో అడిగినా జవాబు వినపడదు, ఉత్తరంలో కడిగేద్దాం అనుకుని బస్సెక్కేశాను. ఇంటికొచ్చి ఆ ఉత్తరం మొదలుపెట్టాను కూడా. అది పూర్తికాకుండానే శుక్రవారం నూకాలు నీ ఉత్తరం తెచ్చిచ్చింది. దేనికి ఒప్పుకున్నానో అప్పుడు తెలిసింది.

అబద్ధం ఎందుకు, నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నాళ్ళు నాచేత రాళ్ళ పప్పు తినిపించి నువ్వక్కడ ఊరందరికీ అట్లు వేస్తున్నావు. నేనిక్కడ నీ కోడికి నీళ్ళు కాస్తున్నాను. నీ ఉత్తరం మడిచి గూట్లో పెట్టాను. తీసి చదివాను. మళ్ళీ పెట్టాను. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

నిన్న అప్పలసూరి వచ్చాడు. సంగతి వాడికి నూకాలే చెప్పేసింది. వాడు వీధి అరుగు మీద కూర్చుని, ఇద్దరు ముగ్గురు వింటుండగా, "అదేటి బావ? ఆయమ్మ అక్కడ బండెట్టుకుని అట్లేత్తంటే నువ్విక్కడ సారు కాసుకుంతావేటి? ఎల్లి లాక్కొచ్చీ. నిన్నడక్కుండా బండెలా ఎడతాది?" అన్నాడు.

వాడి పెదాలు నాకు బాగా కనబడ్డాయి. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. అప్పుడు ఆ పొద్దుట బండి దగ్గర చూసింది గుర్తొచ్చింది. నువ్వు అట్టు తిప్పుతూ ఒక డ్రైవరుని తిట్టావు. ఏం తిట్టావో వినపడలేదు. తిట్లు తిన్నవాడు నవ్వుతూ ప్లేటు చాచాడు, నువ్వూ నవ్వుతూ వేశావు. నువ్వు నన్నూ రోజూ తిడతావు. నేనెప్పుడూ అలా ప్లేటు చాచలేదు.

"నన్నడక్కుండా ఏటి? అడిగే ఎట్టింది. నానే సరే అన్నాను" అన్నాను అప్పలసూరితో.

అరుగు మీద వాళ్ళు నా వైపు మర్యాదగా చూశారు. గౌరీ, ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకు కూడా అది నిజంలాగే అనిపించింది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. చారు బాగానే కుదిరింది.

కనుక ఇది విను. వినడం నాకు రాదు గానీ నీకు వచ్చు కదా. నేను సరే అన్నది నువ్వు అడిగినదానికే. ఎవరడిగినా అదే చెప్పు, నేనూ అదే చెబుతాను. ఈ సంగతి మీ అక్కకి మాత్రం చదివి వినిపించకు, ఆవిడ బతికినంతకాలం నన్ను వదలదు.

బంగారిని అక్కడే ఉంచు. డాక్టరమ్మని కలిశాను. కొన్నాళ్ళు అది గుడ్లు పెట్టకుండా ఉంటేనే మంచిదంది. పొద్దు గూకగానే చీకట్లో పడుకోబెట్టి, పగలు తిరగనివ్వమంది. ఎప్పటికీ పెట్టకపోయినా దానికి గింజలు తగ్గించకు. అప్పలసూరిని ఆ దరిదాపులకి రానివ్వకు.

వచ్చే శనివారం నువ్వు రావద్దు. రెండు బస్సులు మారి, అలిసిపోయి వచ్చి నా వంటిల్లు చూసి తిట్టడం ఎందుకు? ఈసారికి నేనే వస్తాను. ఆదివారం పొద్దున జనం ఎక్కువట కదా, నూకాలు చెప్పింది. నీళ్ళు మొయ్యమంటే మోస్తాను. ప్లేట్లు కడగమంటే కడుగుతాను. ఎవరికేం కావాలో మాత్రం నన్ను అడగమనకు. ఆ గోలలో వాళ్ళేమన్నా నేను సరే అనేస్తాను.

నీ బావ,
గురునాథరావు